మస్తాన్ వేయని పాత పినియను

నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. పామిడి నుంచి ఉరవకొండ దాకా ఈ కత తెలిసినోళ్లంతా నవ్వి నవ్వి అలసిపోయినారు. మీరు కొత్తోళ్లు, మీ వంతు మీరు తీసుకోండి. ఒక్కటే మనవి. ఇది జీపు చెడిపోయిన కత అనుకొని మాత్రం చదవొద్దండి. జీపుకు ఏమీ కాలేదు. చెడింది నా పరువు. చెడిపోబోయింది నాకు ఏ అపకారమూ చేయని ఒక మనిషి బతుకు.

అప్పుడు నేను కుర్రోణ్ణి. అరవై రెండేళ్లు. ఇప్పుడు డెబ్బై దాటినాక చూసుకుంటే, ఆ వయసు పొగరు పగవాడికి కూడా వద్దనిపిస్తుంది. ఇరవైలో పొగరుంటే తన్నేదానికి ఎవరో ఒకరుంటారు. అరవైలో ఉంటే ఎవరు తంతారు? పెద్దాయన కదా అని అందరూ పక్కకు తప్పుకుంటారు. దారి ఖాళీగా ఉంది కదా అని మనం ఇంకా వేగంగా పోతాం.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను. ఐదో తరగతిలో బడి గోడ దూకినోణ్ణి, మళ్లీ ఆ వైపు పోలేదు. అయితే చదవడం మానలేదు. చెనిక్కాయలు కట్టిచ్చిన పొట్లం కాగితాలు చదివినాను, ఎరువుల సంచుల మీద ఉండేది చదివినాను, ముందు పది పేజీలూ వెనక ఇరవై పేజీలూ చినిగిపోయిన ఒక ట్రాక్టరు పుస్తకాన్ని పదేండ్లు చదివినాను. మొదలూ తుదీ లేదు కాబట్టి అది నాకు వేదాంతం మాదిరి ఒంటబట్టింది. ఈ కాలంలో ఏమయ్యా అంటే, పెద్ద పెద్ద చదువులు చదివినోళ్లు బండికి ఒక వైరు తగిలించి, "ఏమైంది నీకు?" అని కంప్యూటరును అడుగుతారు. థూ! బండి నోరు తెరిచి మొత్తుకుంటా ఉంటే వినేదానికి వీళ్లకు చెవుల్లేవా?

నాకున్నాయి. అదే నా కర్మ.

మా సీమలో నీళ్ల కోసం భూమికి పొడిచిన బొక్కల్ని చూస్తే జల్లెడ కూడా సిగ్గుపడుతుంది. ఏ బోరు మోటరు గురక పెట్టినా నన్ను పిలిచేవాళ్లు. నేను ఒక వేపకట్టె తీసుకొని, ఒక కొన మోటరుకు ఆనించి, ఇంకో కొన చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకునేవాణ్ణి. చుట్టూ జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. "బేరింగు పోయింది" అనేవాణ్ణి. ఇప్పి చూస్తే బేరింగే. "నీళ్లు తగ్గినాయి, మోటరు గాలి మింగుతాంది" అనేవాణ్ణి. అదీ నిజమే అయ్యేది. అనంతపురం జిల్లాలో ఏ మోటరును చూపించి "నీళ్లు తగ్గినాయి" అన్నా నిజమే అవుతుందని అప్పట్లో నాకు తోచలేదు. అట్ల నాకు "చెవుల ఓబులేసు" అని పేరొచ్చింది. కొందరు ఆ పేరును గాడిదను పిలిచినట్లు పిలిచేవాళ్లు గానీ, నేను మాత్రం సన్మానం మాదిరే తీసుకున్నాను.

ఇక నా జీపు. నా రెండో కొడుకు కంటే వయసులో పెద్దది, వాని కంటే నా మాట ఎక్కువ వింటుంది. ఒక తలుపు తాడుతో కట్టింటుంది, ఇంకో తలుపు అలవాటు కొద్దీ నిలబడింటుంది. ఎక్కేవాళ్లు ఒక కాలు లోపల పెట్టి, రెండోది పెట్టేముందు ఇలవేల్పును తలుచుకుంటారు. అయినా దాని ప్రతి మూలుగూ నాకు తెలుసు. ఏ గేరులో ఏ రాగం తీస్తుందో, చలికాలం పొద్దున ఎన్నిసార్లు దగ్గుతుందో, అన్నీ తెలుసు. అందుకే ఆ పొద్దు కొత్త శబ్దం వినపడగానే, ఇంట్లోకి పరాయోడు దూరినట్లు ఉలిక్కిపడినాను.

మా ఇంటామె నరసమ్మను ఎక్కించుకొని పామిడి సంతకు పోతున్నాను.

టక్… టక్… టక్…

నిదానంగా పోతే నిదానంగా కొడుతుంది. తొక్కితే టకటకటకమంటుంది. బండి కింద వడ్రంగి పిట్ట ఒకటి కూలికి కుదిరినట్లుంది.

"ఏందో కింద కొట్టుకుంటాంది," అంది నరసమ్మ.

"కొట్టుకునేది కాదు. పళ్లు అరిగినాయి."

"ఎవరివి?"

"బండివి!"

"కింద అంటాండా నేను. దిగి ఒక్కతూరి వంగి చూడరాదా?"

"వంగి చూసేదానికి నేనేమన్నా కోడిపిల్లల్ని ఎతుకుతాండానా? చెవులుండగా కండ్లెందుకు?"

"కండ్లుండగా చెవులెందుకని నేనడగల్యా, నా సామీ," అని ఆమె కొంగు నెత్తిన కప్పుకొని అవతలికి తిరిగింది.

ఆ మాటకు అప్పుడే బండి ఆపింటే ఈ కత ఇక్కడితో అయిపోయేది. నిజం చెప్పేస్తాను. వంగేదానికి నా పొట్ట ఒప్పదు. గొంతుక్కూర్చుంటే మోకాళ్లు మళ్లీ లేవనీవు. పండుకుంటే తెల్ల పంచె ఎర్రమట్టి పాలవుతుంది. నా శాస్త్రానికంతా మూలం అదే. ఆడలేనామె మద్దెల ఓడన్నట్లు, వంగలేని నేను పినియను ఓడన్నాను.

పినియను అంటే ఏందో తెలియనోళ్లకు రెండు మాటలు. జీపు వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఉంటుంది. దాంట్లో పళ్ల చక్రాల జత ఉంటుంది. ముందు నుంచి ఒక పొడుగాటి షాఫ్టు గిరగిర తిరుగుతూ వచ్చి ఆ జతను తిప్పితే, చక్రాలు తిరుగుతాయి. ఆ జతలో చిన్నది పినియను. ఆరు నెలల కిందనే మెకానిక్కు మస్తాన్ నా బండికి కొత్తది వేసినాడు.

పరీక్ష చేయకుండా తీర్పు చెప్పే మనిషిని కాదు నేను. మరుసటి రోజు వేపకట్టె తెచ్చి, ఒక కొన సీటు వెనక రేకుకు ఆనించి, ఇంకో కొన చెవికి పెట్టి, మెడను కొంగ మాదిరి వంచి, ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకొని ఊరి బయట తోలినాను. చూసినోళ్లు, ఓబులేసు కట్టెతో రహస్యాలు మాట్లాడుతున్నాడనుకొని ఉంటారు. శబ్దం బ్రహ్మాండంగా వినపడింది. మైలురాయి మాత్రం కనపడలేదు. దాన్ని గుద్ది, కంది చేనిలోకి దిగబడి, దుమ్ములో దగ్గుతూ నేను తీర్పు చెప్పినాను: "పినియనే!"

కొత్త పినియను ఆరు నెలల్లో పోదు. పోయిందంటే అది కొత్తది కాదు. కొత్తది కాదంటే మస్తాన్ పాతది వేసినాడు. చూసినారా, మూడు మెట్లలో ఒక మనిషిని దొంగను చేసినాను. పోలీసులకు కూడా ఇంకో రెండు మెట్లు ఎక్కువ పడతాయి.

మస్తాన్ ఎట్లాంటోడో కూడా వినండి, నన్ను తిట్టేదానికి మీకు సౌకర్యంగా ఉంటుంది. పామిడిలో ఉరవకొండ పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వానిది. ఇరవై ఏండ్లుగా నా జీపుకు వాడే వైద్యుడు. మాటలు తక్కువ. రంజానుకు వాళ్లింటి సేమ్యా మా ఇంటికి రాకుండా ఉండదు, ఉగాదికి మా ఓళిగలు వాళ్లింటికి పోకుండా ఉండవు. బండిలో ఏ సామాను మార్చినా, తీసేసిన పాతదాన్ని సంచిలో చుట్టి "చూసుకో అన్నా" అని చేతికిచ్చే మనిషి. అట్ల ఇచ్చిన పాత పినియను మా ఇంట్లోనే ఉంది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టినాం. దాన్ని చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. "మా పాతది మాకిచ్చి, ఇంకొకరి పాతది మాకు వేసినాడు" అనుకున్నాను. తెలివి ఎక్కువైతే ఇట్లనే ఉంటుంది.

షెడ్డు ముందు బండి నిలిపి, దిగకుండానే అరిచినాను. "ఏం మస్తానూ! యా బండిలో పీకిన పినియను నాకు తగిలిచ్చినావప్పా?"

వాడు ఆటో కింద నుంచి తల బయట పెట్టినాడు. "ఏమన్నా, ఏమైంది?"

"ఏమైందో నీ చెవుల్తోనే విను!" బండిని షెడ్డు ముందు అటొకసారి ఇటొకసారి తోలినాను. వాడు పక్కనే నడుస్తూ విన్నాడు.

"అన్నా, గేరు తీసేసి ఊరికే దొర్లనీ… ఊఁ. అయినా వస్తాంది. అంటే ఇంజన్లో ల్యాదు, గేరుబాక్సులో ల్యాదు. వెనక తిరిగేదాంట్లో ఏమో ఉండాది."

"నేను మొత్తుకునేదీ అదే కదప్పా! వెనక ఉండేదేంది? పినియను!"

"పినియను పోతే గుయ్యిమని ఏడుస్తాదన్నా. ఇట్ల తలుపు తట్టినట్ల తట్టదు. షాఫ్టుకు ఏమన్నా చుట్టుకోనుండచ్చు. రెండే నిమిషాలు, కింద పండుకోని చూస్తా." అప్పటికే గోనెపట్ట పరుస్తున్నాడు.

"కింద పండుకోని ఏం చేస్తావు? ఉండే మంచి సామాను గూడా పీకుతావా?"

అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఇంకెవరూ కాదు.

మస్తాన్ పరిచిన గోనెపట్టను మళ్లీ ఎత్తినాడు. నాలుగు మడతలు పెట్టినాడు, నిదానంగా, అంచులు సరిచూసుకుంటూ. "సరేన్నా," అన్నాడు. అంతే. తిట్టింటే బాగుండేది. తిట్టుకు తిట్టు చెల్లు. "సరేన్నా" అన్నదానికి నేనేం తిరిగిచ్చేది?

ఏమీ ఇయ్యలేక, షెడ్డుకు ఎదురుగా ఉండే గంగప్ప టీ హోటల్లో కూర్చున్నాను. పది పన్నెండు దినాలు కూర్చున్నాను. వచ్చినోనికీ పోయినోనికీ చెప్పినాను. మొదటి రోజు పాత పినియను అన్నాను. మూడో రోజుకు దాని జత చక్రం కూడా పాతదయింది. వారం తిరిగేసరికి, నా జీపులో నా సొంతంగా మిగిలింది అద్దం ఒక్కటే అన్నట్లు చెప్పుకొచ్చినాను. వినేవాళ్లు "అట్లనా! మస్తానా!" అని నోరెళ్లబెడితే, నాకు చెనిక్కాయలు బాగా పండినంత తృప్తి. మస్తాన్ షెడ్డు ముందర నిలబడే ఆటోలు ఆ వారం తగ్గినాయి. నేను చూసినాను. చూసి, ఇంకో టీ చెప్పినాను.

ఒకరోజు గంగప్ప గ్లాసు బల్ల మీద టపీమని పెట్టినాడు. "ఓబులేసన్నా, నీ నోరు కొంచెం దించప్పా. కొత్తగా బడి పెట్టిన సారు తన ఐదు వ్యాన్లూ మస్తాన్‌కే ఇస్తానన్నాడంట. ఆదివారం మాట్లాడేదానికి వస్తాండాడు. ఆ పని దొరికితేనే వాని షెడ్డు నిలబడేది. ల్యాకుంటే మూసేసి బెంగుళూరికి పోయి, ఎవని చేతికిందనో స్పానర్లు అందిచ్చుకోవల్ల."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే. యాభై రెండు."

నేను నోరు దించినానా? "ఏమీ, పసిబిడ్డలు కూర్చునే బండ్లకు గూడా పాత పినియన్లేనా!" అని ఇంకో మెట్టు పెంచినాను. ధర్మం నా పక్క ఉందనుకుంటే నా గొంతుకు మైకు అక్కర్లేదు.

ఆదివారం ఆ సారు మోటరుసైకిల్లో రానే వచ్చినాడు. సన్నపాటి మనిషి, కండ్లద్దాలు, చొక్కా జేబులో మూడు పెన్నులు. హోటల్లో నా ఉపన్యాసం మొత్తం నిలబడి విన్నాడు. అయినాక, ఎదురు షెడ్డులోంచి వచ్చి నిలబడిన మస్తాన్‌ను చూపించి అడిగినాడు. "పెద్దాయనా, ఇన్ని మాటలు ఎందుకు? ఆ పినియను విప్పించండి. నా కండ్ల ముందర అది పాతదని తేలితే నేను వేరే షెడ్డు చూసుకుంటాను. కొత్తదైతే ఐదు వ్యాన్లూ ఈయనకే. సరేనా?"

"సరే!" అన్నాను రొమ్ము విరుచుకొని.

"ఇప్పుదాం సారు," అన్నాడు మస్తాన్. "అయితే నేను చెయ్యి పెట్టను. ముందు షాఫ్టు నట్లు ఇప్పల్ల, అవి ఓబులేసన్నే ఇప్పనీ. నేను ముట్టుకుంటే చేతిలోనే మార్చినా అంటాడు." నా చేతికి స్పానరిచ్చినాడు. జీపు పక్కన గోనెపట్ట పరిచినాడు.

చూడండి, అరవై రెండేళ్లుగా నేను తప్పించుకున్న పని చివరికి పదిమంది ముందర పడింది. వెనక్కు పోతే పరువు పోతుంది. పంచె ఎగ్గట్టి, దండం పెట్టుకొని, వెల్లకిలా పండుకున్నాను. నలుగురు కలిసి నన్ను బస్తాను లారీలోకి తోసినట్లు బండి కిందికి తోసినారు.

ఎండలోంచి నీడలోకి పోయినాను కాబట్టి ముందు ఏమీ కనపడలేదు. నిదానంగా కండ్లు చీకటికి అలవాటు పడినాయి. చూస్తే, షాఫ్టు లేదు. షాఫ్టు ఉండాల్సిన చోట ఉలవ కట్టె మోపు ఒకటి ఉంది.

మా పక్క తెలియనోళ్లకు ఇది చెప్పాల్సిందే. ఉలవ కట్టె, అదే ఎండిన ఉలవ తీగ, పీకినాక దాన్ని నూర్చేదానికి మేము తారు రోడ్డు మీద పరిచేస్తాం. పోయే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాల్చిపెడతాయి. రోడ్డు సర్కారుది, డీజిలు పరాయోళ్లది, ఉలవలు మనవి. ఆ ఏడు మా ఊరి రోడ్డు మీద బండ్లు తక్కువని, సంతకు పోయే ముందు దినం నా కట్టె మీద నేనే నా జీపును పొద్దంతా ముందుకీ వెనక్కీ తోలినాను. నా అంత తెలివైనోడు మండలంలో లేడని ఆ పొద్దు అనుకున్నాను కూడా. ఆ తీగలు లేచి షాఫ్టుకు చుట్టుకొని, వేడికి ఎండి, మోకు మాదిరి బిగిసిపోయినాయి. పోనీ, అంతవరకైనా బాగుండేది. తీగ టక్కుమనదు కదా. ఆ తీగల నడుమ, ఇనుప లాడం కొట్టిన మడమను బయటికి పెట్టుకొని, తోలు చెప్పు ఒకటి ఇరుక్కొని ఉంది.

నా చెప్పే. కాలికి పాతదైపోతే, దిష్టి తగలకుండా జీపు వెనకాల నల్లతాడుతో నేనే కట్టినాను. నూర్చేటప్పుడు తాడు తెగి కట్టెలో పడి, తీగల్తో పాటు పైకెక్కింది. షాఫ్టు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ లాడం పోయి, నేను కూర్చునే సీటు కింది రేకును కొడుతుంది. టక్. టక్. టక్.

అర్థమైందా? రెండు వారాలుగా నా బండి నన్ను చెప్పుతో కొడుతుంటే, నేను కట్టె పెట్టి చెవొగ్గి విని, "పినియను" అన్నాను.

"ఏమన్నా, అగుపడిందా?" పైనుంచి గంగప్ప.

"చూస్తాండా."

"నట్టు తిరుగుతాందా?"

"తిరుగుతాంది." నట్టును నేను తాకను కూడా లేదు.

"పళ్లు అరిగినాయా పెద్దాయనా?" బడి సారు.

"చీకటిగా ఉంది."

"సెల్లులో లైటు వేసి ఇయ్యల్నా?"

"వద్దు!" అని నేను అరిచిన అరుపుకు పైనుంచి తుప్పు రాలి నోట్లో పడింది.

భూమి చీలి మింగేస్తే బాగుండనిపించింది. మా భూమిలో చీలికలకు ఎప్పుడూ కరువు లేదు, ఆ పొద్దు మాత్రం ఒక్కటీ పనికి రాలేదు. ఆ క్షణంలో "మస్తానూ, తప్పు నాదప్పా" అనేదానికి ఎంత సేపు పడుతుంది? ఒక్క ఊపిరి. ఆ ఒక్క ఊపిరి నాకు రాలేదు. జేబులోంచి చాకు తీసి, తీగలు కోసి, చెప్పును పెరికి, కట్టెతో సహా మొత్తం చొక్కా లోపల కుక్కుకున్నాను. బయటికి లాగినప్పుడు నా పొట్ట మునుపటి కంటే పెద్దగా ఉండింది. ముందే పెద్దది కాబట్టి ఎవరూ గమనించలేదు.

"ఏమైంది?" అని పదిమందీ ఒకేసారి అడిగినారు.

"నట్టు వదులైండె. బిగిచ్చినా. ఇంక శబ్దం రాదు."

గంగప్ప బండెక్కి ఒక చుట్టు తోలి వచ్చినాడు. శబ్దం ఎక్కడిది? సుద్దంగా లేదు. "అబ్బబ్బా! చెవుల ఓబులేసన్న చేతులు గూడా మామూలివి కాదప్పా!" అని చప్పట్లు కొట్టినాడు. జనమూ కొట్టినారు. నేను అందరికీ నమస్కారం పెట్టినాను. అవును, పెట్టినాను. కొంచెం నవ్వినాను కూడా. ఆ మొగాన్ని ఇప్పుడు అద్దంలో చూపిస్తే నేనే ఉమ్మేస్తాను.

బడి సారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కండ్లద్దాలు తుడుచుకుంటూ, "అంటే, పినియను మార్చినప్పుడు ఈయన నట్టు బిగించకుండా వదిలేసినాడన్నమాట," అన్నాడు.

నమస్కారం పెట్టిన చేతులు దించుకున్నాను.

"పాత సామాను వేసుంటే దొంగ అనుకునేవాణ్ణి, సరే. నట్టు వదిలేసే మనిషిని నమ్మి పిల్లల్ని ఎట్ల ఎక్కించేది? మస్తాన్ గారూ, ఏమనుకోవద్దండి." మోటరుసైకిలెక్కి పెన్న వంతెన వైపు పోయినాడు.

చూసినారా నా పనితనం! నా సిగ్గు దాచుకునేదానికి చిన్న అబద్ధం ఆడినాను. పన్నెండు దినాలు గొంతు చించుకున్నా నేను చేయలేని చెరుపును ఆ చిన్నది ఒక్క నిమిషంలో చేసిపెట్టింది.

అంతలో చొక్కా లోపల దురద మొదలైంది. ఎండిన ఉలవ కట్టెను ఒట్టి పొట్టకు కట్టుకున్నోనికి తెలుస్తుంది ఆ నరకం. ఉలవల దొంగంటే చొక్కా తడుముకున్నట్లు, నేను తడుముకుంటూ, గోక్కుంటూ, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడినాను. పంచె అంచు దాటి ఉలవకాయలు ఒక్కొక్కటే కింద రాలుతున్నాయి. మస్తాన్ వంగి ఒక కాయ తీసుకున్నాడు. గోటితో చీల్చినాడు. గింజను చూసినాడు, జీపు కిందికి చూసినాడు, నా పొట్ట వైపు చూసినాడు.

"ఉలవలు బాగ పండినాయా అన్నా?" అన్నాడు.

పదిమందిలో ఒక్కరికీ ఆ మాట అర్థం కాలేదు. వాడు అర్థం కానియ్యలేదు. నా చేతిలోని స్పానరు తీసుకొని, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టినాడు. తర్వాత ఇంకొకటి తుడిచినాడు. ఊరు విడిచిపోయే మనిషి సామాను సర్దుకున్నట్లే సర్దుతున్నాడు.

అంతే, నేను జీపులోకి దూకినాను. దూకినాను అన్నది మాట వరసకు. ఎట్లో ఎక్కినాను. టకటకలు లేని నా జీపు గాలి మాదిరి పోతాంటే, ఆ నిశ్శబ్దం నన్ను ఆ శబ్దం కంటే గట్టిగా కొట్టింది. వంతెన మీద సారు కనపడినాడు. "ఆపప్పా! సారూ! ఆపు!" అని అరుస్తూ అడ్డంగా పోయి నిలిపినాను. దిగి, రొప్పుతూ, చొక్కా లోపలికి చెయ్యి పెట్టి లాగితే, తీగలు తెగి, గుండీలు తెగి, లాడం కొట్టిన చెప్పు ఎండలో తళుక్కుమని బయటికొచ్చింది.

సారు మోటరుసైకిల్ని కూడా వదిలేసి నాలుగడుగులు వెనక్కు దూకినాడు. "పెద్దాయనా! చెప్పు దించండి! మిమ్మల్ని నేనేమన్నాను?"

"నిన్ను కాదప్పా, నన్ను! నన్ను కొట్టింది ఇది!"

"ఎవరు కొట్టినారు?"

"నా బండి!"

సారుకు సంగతి తెలిసిపోయింది, ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందని. "నీడలో కూర్చోండి, నీళ్లు తెస్తాను," అని పెన్న వైపు చూసినాడు. పెన్నలో ఇసుక ఉంది. మళ్లీ నా వైపు చూసినాడు.

"నీళ్లొద్దప్పా, నా మాట విను." చెప్పినాను. అన్నీ చెప్పినాను. నట్టు వదులు లేదని, దాన్ని నేను ముట్టుకోలేదని, పినియను కొత్తదేనని, ఉలవలు, చెప్పు, చొక్కా, టీ హోటల్లో పన్నెండు దినాలు, అన్నీ. చివరికి చెప్పును సారు ముందర పెట్టినాను. "ఆ మనిషి షెడ్డు మూసేస్తే, మూసింది నేనేనప్పా."

సారు చెప్పును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పినాడు. "మస్తాన్ కింద చూస్తానంటే ఎందుకు వద్దన్నారు?"

"నా చెవి చెప్పింది కదా."

"ఎన్నేండ్ల నుంచి మీ బండి చూస్తున్నాడు?"

"ఇరవై."

"ఇట్లాంటివి ఇంకేమన్నా జరిగినాయా?"

నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టినాను. రెండు చేతులూ అయిపోయి మళ్లీ మొదటి వేలికి వస్తుంటే సారు ఆపమన్నాడు.

"పెద్దాయనా, నాకు ఐదుగురు డ్రైవర్లు. ఐదుగురికీ బండి గురించి అన్నీ తెలుసు. వాళ్లతో వేగగలిగే మెకానిక్కు కోసం ఆర్నెల్లుగా తిరుగుతున్నాను. మీతో ఇరవై ఏండ్లు వేగినాడంటే, ఆయనకు ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. వ్యాన్లు ఆయనకే." ఆగి, చెప్పు నా చేతికిచ్చినాడు. "అయితే ఇదంతా చెప్పాల్సింది నాకు కాదు. పదండి, ఆ హోటల్లో చెప్పండి. ఇది చేతిలో పట్టుకొని."

పట్టుకున్నాను. చెప్పినాను. గుండీల్లేని చొక్కాతో, ఉలవ పొట్టుతో, బల్ల మీద ఎక్కి నిలబడి చెప్పినాను, కింద నిలబడితే వెనకున్నోళ్లకు కనపడలేదంట. నవ్వినారు చూడండి! గంగప్ప నవ్వుకు చేతిలో టీ గ్లాసులు రెండు పగిలినాయి. నవ్వనోడు మస్తాన్ ఒక్కడే. దిగి వాని దగ్గరికి పోయినాను.

"మస్తానూ, తప్పయిపోయిందప్పా. ఇదో చెప్పు. కొట్టాలనుంటే కొట్టు."

"నేనేం కొట్టేదన్నా. అది రెండు వారాలు కొట్టినా నీకు తెలియకపాయ," అన్నాడు. అప్పుడు కొంచెం నవ్వినాడు. మళ్లీ ఆ నవ్వు ఆపి, "అయినా, మంచి సామాను పీకుతావా అంటివే. ఆ మాట మాత్రం అనకుండా ఉండల్ల," అన్నాడు.

ఎనిమిదేండ్లు దాటింది. ఓళిగలు ఎన్ని పంపించినా ఆ మాట వెనక్కు రాదు.

ఇప్పుడు మస్తాన్ షెడ్డులో వ్యాన్లు నిలబడేదానికి చోటు చాలడం లేదు. గోడకు ఒక మేకు కొట్టి ఆ చెప్పును తగిలించినాడు. "నా బండికి ఫలానాదే పోయింది, నాకు తెలుసు" అని ఎవడన్నా వస్తే, మస్తాన్ ఊరికే గోడ వైపు చూస్తాడు. ఇదేందని వచ్చినోడు అడిగితే, నేను అక్కడుంటే నేనే చెప్పల్ల. అదీ నాకు పడిన శిక్ష. లెక్కలేనన్ని సార్లు చెప్పినాను, ప్రతిసారీ చెవులు కాలుతాయి.

కాబట్టి పెన్న ఇసుక సాక్షిగా (నీళ్ల సాక్షిగా అంటే మీరు నమ్మరు), చెవుల ఓబులేసు అనే నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ బండి ఏ శబ్దం చేసినా సరే, ముందు పట్ట పరుచుకొని, వెల్లకిలా పండుకొని, కింద ఏముందో నా రెండు కండ్లతో చూసి, పైకి లేచి దుమ్ము దులుపుకున్నాకనే నోరు తెరుస్తాను. నన్ను పైకి లేపేదానికి ఎవరూ దొరక్కపోతే, ఆ బండి కిందనే పండుకొని ఉంటాను గానీ, మాట్లాడను.